మచ్చల్లేని ఆకు

మిషన్ బంగళా దొరసాని వేసవికి ఊటీ పోతూ, తెల్లమచ్చల ఆకుల కుండీని ఆయా విశ్వాసమ్మకు అప్పగించింది. బేతంచెర్ల ఎండ దానికి తగలకూడదని చెప్పింది. విశ్వాసమ్మ దాన్ని తన ఇంట్లో గాదె వెనక చీకట్లో దాచి, రోజూ తడిగుడ్డతో ఆకులు తుడిచేది.

కొత్త ఆకు చుట్టగా పైకి లేచిన రోజు నుంచి ఆమెకు కాలు నిలవలేదు. అది విచ్చుకోగానే పొరుగింటి రహమత్ బీ చప్పట్లు కొట్టింది.

"మే విశ్వాసమ్మా, చెట్టుకు బొల్లి బాగైపాయ! ఒగ మచ్చ గూడా లేదు సూడు!"

"మచ్చలు రోగం కాదు బీ, దాని అందమే అవి! దొరసానికి ఏం చెప్పేది నేను?"

"సీకట్లో పెడితే మచ్చలు యాడ కనపడతాయి?" అని నవ్వింది రహమత్ బీ.

విశ్వాసమ్మ ఉలిక్కిపడింది. దొరసాని ఎండ వద్దంది గాని వెలుతురు వద్దనలేదు! చీకటి వల్లే మచ్చలు పోయాయేమో! వెంటనే కుండీని ఉత్తరపు కిటికీ పక్కకు జరిపింది.

దొరసాని రావడానికి మూడు రోజుల ముందు మరో ఆకు విచ్చుకుంది. విశ్వాసమ్మ పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది.

"రహమత్ బీ, బిరీన రా! సగం ఆకు తెల్లగా ఉండాది!"