పచ్చసిరా సిఫారసు

నేను ఒక పెన్నుని. ఏ జేబులో పడితే ఆ జేబులో కనిపించే రకాన్ని కాదు, రాజమండ్రిలో లేతు మిషను మీద తిరిగి నున్నగా తయారైన నల్ల పెన్నుని. నన్ను మొదట కొన్న తహసీల్దారు రిటైరవుతూ, శ్రీకాకుళం జిల్లాలో ఒక గవర్నమెంటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే తన అల్లుడు కూర్మారావు గారికి ఇచ్చేశాడు. ఇద్దరూ గెజిటెడ్ ఆఫీసర్లే కాబట్టి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నా కడుపులో ఆకుపచ్చ సిరా తప్ప మరో రంగు పడలేదు. అందుకు నాకు కాస్త పొగరు కూడా. జిరాక్సు కాగితం మీద నేనొక గీత గీస్తే చాలు, ఈ మనుషులకి అది అసలుదైపోతుంది.

పైచదువులకు సిఫారసు ఉత్తరం కావాలని పిల్లలు వచ్చేవారు. "నువ్వే రాసుకుని తెచ్చీమ్మా, సంతకం ఎట్టీస్తాను" అనేవారు సార్. వాళ్ళు సీనియర్ల ఉత్తరంలో పేరు మార్చుకుని తెచ్చేవారు. తన సర్వీసులో ఇంతటి విద్యార్థిని చూడలేదని సార్ ప్రతి ఒక్కరి విషయంలోనూ నాతో సంతకం పెట్టి ఒప్పుకున్నారు. చదివితే కదా!

చింతాడ యామిని మాత్రం ఉత్త చేతులతో వచ్చి నిలబడింది. బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీకి అప్లై చేస్తోంది. అక్కడ సీటొస్తే చదువూ తిండీ ఉచితం. రాకపోతే ఇంట్లోవాళ్ళు ఇక చదివించలేరు.

"నా గురించి నేనే గొప్పలు రాసుకోనేను సార్. మీకేటనిపిస్తే అదే రాయండి," అంది.

సార్ ఆమె వంక చూసి నా మూత తీశారు. క్లాసంతా పక్కవాళ్ళ రీడింగు దింపేసుకుంటే, తనది తప్పొచ్చిందని ఒప్పుకుని ప్రయోగం మళ్ళీ మొదటినుంచీ చేసిన పిల్ల అని రాశారు. పేజీ నిండింది. ఎన్నాళ్ళకో సంతకం కాని మాటలు రాశాను, ఎంత సంతోషమేసిందో!

"మీ మెయిలుకి వాళ్ళో లింకు పంపుతారట సార్. ఉత్తరం అందులోనే పెట్టాలట."

"గెజిటెడ్ సంతకం ఉండగా లింకెందుకమ్మా? స్పీడుపోస్టులో పంపీ. నేను సూసుకుంటాను కదా."

మెయిలు తెరవడం సార్‌కి రాదు. ఆ మాట విద్యార్థి ముందు చెప్పుకోవడానికి నామోషీ. యామిని ఇంకోసారి అడగబోయి, ఎదురు చెప్పలేక ఉత్తరం తీసుకుని పోస్టాఫీసుకి వెళ్ళింది. నిజం చెప్పొద్దూ, సార్ మాట నాకూ నచ్చింది.

లింకులో రాని సిఫారసు చెల్లదని, గడువు కూడా దాటిపోయిందని ఆ సంస్థ నుంచి సార్‌కి జవాబొచ్చింది. సార్ ఆ కాగితాన్ని మడిచి, జేబులో నా పక్కనే పెట్టుకున్నారు.

వానలు పడేవేళకి యామిని మళ్ళీ వచ్చింది.

"వచ్చే ఏడు మళ్ళీ రాస్తానమ్మా. ఆ లింకేటో నేర్చుకుంటాను," అన్నారు సార్ తలెత్తకుండా.

"వద్దులెండి సార్. మందుల కంపెనీలో ప్యాకింగు పనుంది. మార్కులిస్టు జిరాక్సు మీద సంతకం ఎట్టండి, సాలు."

సార్ పెట్టారు. గట్టిగా నొక్కారేమో, నా పాళీ కాగితాన్ని గీరింది. తర్వాత ఆయన రిటైరయ్యారు, పచ్చసిరాతో రాసే హక్కు పోయింది. నన్ను కడగనైనా కడక్కుండా సొరుగులో పడేశారు, సిరా లోపలే గడ్డకట్టింది.

మందుల కంపెనీవాళ్ళు మాత్రం పచ్చ సంతకం చూడగానే, ఇంకేమీ అడక్కుండా యామినిని పనిలో పెట్టుకున్నారని సార్ తన భార్యతో చెబుతుంటే సొరుగులోంచే విన్నాను.