మోచేతి మచ్చలు

చర్చి ఆవరణలో కలుపు పీకిన వారానికే ఎలీషా చేతులు మణికట్ల నుంచి మోచేతుల దాకా నల్లబడి మందమెక్కాయి. మెడ మీదా మచ్చలు లేచాయి. చీపురుపల్లి పక్క పల్లెలో కూలిపని అతనిది. ఆదివారం ఆరాధనలో రొట్టె పళ్లెం అందరికీ అందించేదీ అతనే.

అతని మేనమామకి ఇలాగే మచ్చలతో మొదలైంది. కుష్టు అని తేలేసరికి వేళ్లు పోయాయి.

భార్య రూబీకి ఎలీషా చెప్పలేదు. మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కా తొడిగి, మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. తన గ్లాసు విడిగా పెట్టుకున్నాడు. స్పర్శ ఉందో పోయిందో తెలియక రోజూ పిన్నీసుతో మచ్చల మీద గుచ్చుకునేవాడు. నొప్పి పుడితే ఆ పూటకి ఊపిరి. మర్నాటికి మళ్లీ అనుమానం, నిన్నటంత నొప్పి లేదేమోనని. ఇంకాస్త లోతుగా గుచ్చేవాడు.

రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. బట్టలుతుకుతూ రూబీ చొక్కా చేతుల లోపల రక్తపు చుక్కలు చూసింది.

"ఏటిది? సెప్పు."

"ఏటీ నేదే. తుప్పల్లో గీసుకున్నాది."

"తుప్పలు సొక్కా లోపలికొచ్చి గుచ్చుతాయేటి?" అంటూ చేయి పట్టుకుని గుండీ విప్పింది.

"ముట్టకే! నీకూ వచ్చేస్తాది. మా మావ రోగం."

రూబీ ముఖం పాలిపోయింది. చేయి మాత్రం వదల్లేదు. "రేపొద్దున్నే ఆసుపత్రికెల్తన్నాం."

చీపురుపల్లిలో డాక్టరమ్మ అతన్ని కళ్లు మూసుకోమని దూదిపోగుతో తాకసాగింది. తాకినప్పుడల్లా చెప్పమంది.

"ఇక్కడ... ఇక్కడ... ఇక్కడ."

"చివరిసారి నేను తాకనేలేదు," అందామె.

ఎలీషా కళ్లు తెరిచేశాడు. "కంగారుపడకు, మళ్లీ చూద్దాం," అని ఆమె మొదటినుంచీ చేసింది. ఈసారి ఒక్కటీ తప్పలేదు.

"ఈమధ్య ఏం పని చేశావు?"

"సర్చి కాడ వయ్యారిభామ పీకినానమ్మా. తెల్ల పువ్వుల మొక్క. వట్టి సేతుల్తోనే."

"అదే నీకు పడలేదు. ఇది కుష్టు కాదు. అయినా కుష్టుకీ ఇప్పుడు మందులున్నాయి, దాచుకుంటేనే ముప్పు. ఇకమీదట ఆ మొక్క దరిదాపులకి పోకు."

ఎలీషా బల్లమీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నాకొక్క మాట సెప్పకూడదేటి," అని రూబీ తిడుతూనే అతని కళ్లు తుడిచింది.

మందులు తీసుకుని బయటికొచ్చారు. ఆసుపత్రి గోడ పొడుగునా నడుమెత్తు వయ్యారిభామ, తెల్లగా విరగపూసి ఉంది. ఎలీషా అడుగు ముందుకు పడలేదు.

"నువ్విటు రా," అని రూబీ అతన్ని రోడ్డువైపుకి లాగి, తాను మొక్కలవైపు నడిచింది.