మూడో దీవి

"ఈవిడెవరనుకున్నారు? మా బసలో అందరికంటే ఎక్కువ కాలంగా మకాం వేసిన అతిథి. రెండు నెలలుండి పోతానని వచ్చింది. ఇరవై రెండేళ్ళయింది, ఇంతవరకూ గది అద్దె కట్టలేదు!"

యుకారి మొగుడు మొరిహిదె ఈ మాట అనగానే వసారాలో చాపల మీద కూర్చున్న అతిథులు ఫక్కున నవ్వారు. యుకారి కూడా నవ్వింది. కాకరకాయ వేపుడు పళ్ళెం వాళ్ళ మధ్యన పెట్టి, ఖాళీ సీసాలు ఏరుకుని, ముఖం మీది నవ్వు చెదరకుండా వంటింటి దాకా మోసుకొచ్చి అక్కడ దించింది. వారానికి నాలుగుసార్లయినా ఈ జోకు పడుతుంది. మొదట్లో ఆమెకీ నిజంగానే నవ్వొచ్చేది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఇప్పుడు రావడం లేదు, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. అతిథులు మూడు రోజులకోసారి మారిపోతారు గనక జోకు మాత్రం ఎప్పుడూ కొత్తదే. ఆమె సీసాలు కడిగి బోర్లించి, రేపటికి బియ్యం కొలిచింది.

ఇరవయ్యారేళ్ళప్పుడు యుకారి ఒసాకాలో ఉద్యోగం మానేసి, వీపున ఒక సంచీతో ఒంటరిగా బయల్దేరింది. దక్షిణాన ఉన్న దీవుల్లో తొమ్మిదింటిని ఎంచుకుంది. ఒక్కో దీవిలో ఒక నెలో, రెండు నెలలో. చూసి పోవడం కాదు, ఉండడం. కూరగాయల కొట్టువాడు పేరు పెట్టి పిలిచేదాకా, ఆటుపోట్ల వేళలు గడియారం చూడకుండా తెలిసేదాకా ఉండి, అప్పుడు తర్వాతి దీవికి పడవెక్కాలి. డబ్బు తక్కువ కాబట్టి ఎక్కడికి వెళ్ళినా హెల్పరుగా చేరేది. ఈ దీవుల్లో అదో పద్ధతి. రోజుకి ఐదు గంటలు బసలో పని చేస్తే పడకా, మూడు పూటలా తిండీ ఇస్తారు. జీతం ఉండదు. వారానికి ఒక రోజు సెలవు. ఇది మూడో దీవి. ఇక్కడ దిగిన రెండో నెలలో, అందరూ ఒబా, అవ్వా, అని పిలిచే బస పెద్దావిడ, అంటే ఇప్పుడు ఆమె అత్తగారు, రేవు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. "ఇంకో నెల ఉండిపోతారా?" అని మొరిహిదె సిగ్గుపడుతూ అడిగాడు. అతను నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి. ప్రేమే. ఈ విషయంలో అబద్ధం చెప్పుకోనక్కర్లేదు. హెల్పరుగా ఉన్నప్పుడు ఆమెకి సోమవారం సెలవు. పెళ్ళి ఆదివారం జరిగింది. మర్నాడు సోమవారం. ఆ రోజు ఆమె ఐదింటికి లేచి అందరికీ అన్నం వండింది.

అప్పట్నుంచీ ఐదింటికే లేస్తోంది. లేచి ముందు వాకిట్లో ఇసుక ఊడవాలి. ఊళ్ళో దారులన్నీ తెల్లటి పగడపు ఇసుకే, ఎవరింటి ముందు భాగం వాళ్ళు పొద్దున్నే గీతలు పడేలా ఊడ్చుకోవాలి. ఇసుకని ఎంత ఊడ్చినా మిగిలేది ఇసుకే కదా. చెత్త ఊడిస్తే కనీసం పోగయినా కనబడుతుంది. అతిథులకి మాత్రం ఈ పని మహా ముచ్చట. "ఎంత ప్రశాంతంగా ఉంటుందో!" అంటూ చీపురు లాక్కుని పది నిమిషాలు ఊడ్చి, ఫొటో తీయించుకుని, స్నానానికి పోతారు. మిగతా దారంతా ఆమె ఊడుస్తుంది. తర్వాత ఆరు గదులు, పక్కబట్టలు, మూడు పూటల వంట, నెలకి రెండుసార్లు పొయ్యి దేవుడికి నైవేద్యం. నైవేద్యం వండేది యుకారి, దేవుడితో మాట్లాడేది అత్తగారు. "నువ్వు బయటి దేశంనుంచొచ్చినదానివి. నీ గొంతు ఆయన పోల్చుకోలేడు" అంది మొదటి ఏడాదే. కొడుకు పేరు, పుట్టిన ఏడు, నాహా పట్నంలో నర్సు చదువుతున్న మనవరాలి పేరు, పుట్టిన ఏడు అన్నీ వరసగా దేవుడికి విన్నవించి, ఆఖర్న "ఇంకా, మా కోడలు" అంటుంది. పేరు చెప్పదు. పడవ రోజుకి నాలుగుసార్లు వస్తుంది, యుకారి నాలుగుసార్లూ రేవుకి వెళ్తుంది. అతిథుల్ని దింపుకోవడానికి, ఎక్కించడానికి. ఈ చేతులతో ఆ పడవలోకి ఎన్ని పెట్టెలు అందించిందో! తను మాత్రం పన్ను పీకించుకోవాలంటే పెద్ద దీవికి పోయి, సాయంత్రం పడవకి వెనక్కి వచ్చేస్తుంది.

వేసవి మొదట్లో ఫుమియో వచ్చింది. హెల్పర్ అంటే ఎవరో కాలేజీ పిల్ల అనుకుంటే, అరవై రెండేళ్ళావిడ పడవ దిగింది. పొట్టి జుట్టు, పెద్ద గుడ్డ టోపీ, ఒక్క సంచీ. భర్త రిటైరయిన రోజున కేకు కోసి, తిని, పళ్ళేలు కడిగి, "నేనూ రిటైరయ్యానండీ" అని చెప్పి వచ్చేసిందట. ఆర్నెల్లకో దీవి చొప్పున నాలుగేళ్ళుగా తిరుగుతోంది. మొరిహిదె ఆమెని "అక్కగారూ" అని పిలిచేవాడు. పక్కబట్టలు మడతపెట్టడంలో ఆమెకి ఆమే సాటి. కానీ మధ్యాహ్నం ఒంటిగంట కొట్టిందంటే చేతిలో ఉన్నది చేతిలోనే ఆపేసి, చెయ్యి కడుక్కుని, సముద్రం వైపు వెళ్ళిపోయేది. ఒకసారి సగం తోమిన మూకుడు అలాగే వదిలేసింది. యుకారి పిలవబోతే మొరిహిదె వారించాడు. "పిలవకు, ఆవిడ టైమైపోయింది. మనం ఎక్కువ పని చేయించుకుంటే బాగోదు. నువ్వు తోమెయ్." యుకారి తోమింది.

జులైలో, గదులన్నీ నిండి ఉన్న వారంలో, యుకారికి జ్వరమొచ్చింది. తెల్లవారేసరికి కాళ్ళు వణుకుతున్నాయి. మొరిహిదె మంచివాడే. తడిగుడ్డ నుదుటి మీద వేసి, "అబ్బా, కాలిపోతోంది. నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అని లేచాడు. ఆ రెండు ముక్కలకే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క గదిలో అతని గొంతు వినబడింది. మధ్యనున్నది కాగితం తలుపే.

"అక్కగారూ, ఇవాళ కాస్త టిఫినూ అదీ మీరు..."

"ఇవాళ గురువారం కదండీ."

"అయ్యో, అయ్యో! మర్చేపోయాను, క్షమించండి. మీ సెలవు పాడుచేయబోయాను. వెళ్ళిరండి, వెళ్ళిరండి. టోపీ పెట్టుకోండి, ఎండ ఎక్కువగా ఉంది."

కాగితం తలుపు ఇటు జరిగింది. "ఇదిగో, ఆవిడకి ఇవాళ సెలవట. కాస్త లేవగలవా? గుడ్డట్లు వేసెయ్ చాలు, పులుసు నిన్నటిదే వేడి చెయ్."

అత్తగారు తన గదిలోంచే అందుకుంది. "చెమట పట్టేదాకా పని చేస్తే జ్వరం అదే పోతుంది. వీణ్ణి కన్న మూడో రోజున చెరుకు నరికాను నేను."

యుకారి లేచింది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళింది. తొమ్మిది మందికి అట్లు వేసింది. ఎవరో అతిథి పులుసు ఊదుకుంటూ, "ఈ గాలికి అసలు రోగాలే రావేమో! ఎంత అదృష్టవంతులండీ మీరు" అంది. "అవునండీ" అంది యుకారి. రాత్రి మొరిహిదె మాత్రలు తెచ్చి, నీళ్ళగ్లాసు స్వయంగా అందించి, నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పాడు. పొద్దున అట్లలో ఉప్పు ఎక్కువైందన్నారట.

ఆమెకి మొగుడి మీద రావాల్సిన కోపం ఫుమియో మీద వచ్చింది. ఆడది అయ్యుండి, పక్క గదిలో ఇంకో ఆడది కాలిపోతుంటే టోపీ పెట్టుకుని షికారుకి పోతుందా? సాయంత్రం ముక్కు కందిపోయి, చేతిలో అనాసపండుతో తిరిగొచ్చిన మనిషితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ అనాసపండు ముట్టలేదు. మూడో రోజు డాబా మీద ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెడుతుంటే ఇక ఆగలేకపోయింది.

"ఆ రోజు నాకు జ్వరమని మీకు తెలుసా?"

"తెలుసు. గోడలన్నీ కాగితాలేగా."

"తెలిసే వెళ్ళారా?"

"తెలిసే వెళ్ళాను." ఫుమియో దుప్పటి కొస వదల్లేదు. "ముప్పై నాలుగేళ్ళు లేచానండీ యుకారి గారూ. జ్వరంతో లేచాను, నడుం పట్టేస్తే పాక్కుంటూ లేచాను, మా అమ్మ పోయిన మర్నాడు కూడా లేచి మా ఆయనకి అన్నం డబ్బా కట్టాను. ఇక ఎవరికోసమూ లేవను. మీకోసం కూడా లేవను. తిట్టుకోండి."

"తిట్టుకుంటున్నాను."

"తిట్టుకోండి మరి. కానీ సెలవు రోజున నేను లేస్తే మీ ఆయన నాకు దణ్ణాలు పెట్టేవారు. మీరు లేస్తే ఉప్పెక్కువైందన్నారు. ఆ తేడా నేను పెట్టింది కాదు." దుప్పటి సగానికి మడిచి యుకారి చేతుల్లో పెట్టింది. "అసలు మీకు సెలవు లేదని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"మీరు అడిగారా?"

యుకారి దుప్పటి తీసుకుని మెట్లు దిగింది. ఆ పగలంతా అదే మాట నంచుకుంటూ పని చేసింది. ఏం అడగలేదు తను? పెద్ద ఫ్రిజ్ అడిగింది. కప్పు కారుతోందని అడిగింది. దీవిలో హైస్కూలు లేక పదిహేనో ఏట కూతుర్ని పంపేటప్పుడు, వెంట వెళ్ళి వారం రోజులు దిగబెట్టి వస్తానని అడిగి, పంటల పండగ దగ్గర పడిందని మానుకుంది. అన్నీ ఇంటికోసమో, పిల్లకోసమో. తనకోసం ఒక రోజు కావాలని అడగాలంటే ఎవర్ని అడగాలో కూడా తెలీదు. యజమానిని అడగాలి. మరి తనకి యజమాని ఉన్నాడా? లేడంటే తను యజమానురాలయ్యుండాలి. యజమానురాలైతే ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజైనా పొద్దెక్కేదాకా పడుకుని ఉండాలి కదా. ఆలోచించిన కొద్దీ ఆమెకి ఊపిరాడలేదు. చుట్టూ ఇంత సముద్రం, ఇంత ఆకాశం, ఫొటోల్లో పట్టనంత ఖాళీ. అందులో తను నిలబడ్డ చోటు వంటగట్టుకీ సింకుకీ మధ్య నాలుగడుగులు.

ఆ సాయంత్రమే అడిగింది. "ఏమండీ, వారానికి ఒక రోజు నాక్కూడా సెలవు కావాలి."

మొరిహిదె నిజంగానే అర్థంకాక చూశాడు. తర్వాత ఆప్యాయంగా ఆమె భుజం తట్టాడు. "నీకు సెలవేంటోయ్? సెలవులు పనివాళ్ళకి. నువ్వేమన్నా పనిదానివా? ఇల్లు నీది."

గౌరవంగానే అన్నాడు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. అత్తగారు మాత్రం బఠాణీలు ఒలుస్తూ తలెత్తకుండానే, "బాగుంది సంబడం! పొయ్యి దేవుడికి కూడా వారానికో రోజు ఉపవాసం పెడదామా?" అంది.

ఇంకో గంటకి వసారాలో, గ్లాసులు నిండాక, మొరిహిదె గొంతు సవరించుకున్నాడు. "విన్నారా, మా పాత అతిథిగారు సెలవు అడుగుతున్నారు! సెలవులు గడపడానికొచ్చినావిడ సెలవు అడగడం ఎక్కడన్నా చూశారా?" అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. యుకారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం పట్టుకుని నిలబడి, మొదటిసారిగా నవ్వలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఫుమియో ఒక్కతే గ్లాసు కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరు ఆఖర్న ఫుమియో సంచీ సర్దుకుంది. ఉత్తరంగా, ఓడలో ఒక రాత్రీ ఒక పగలూ పట్టే దీవికి వెళ్తోంది. "ఆ బసలో ఇద్దరు కావాలంటున్నారు" అని ఫోన్ నంబరు రాసిన కాగితం పప్పు డబ్బా కింద పెట్టింది. రమ్మని అన్లేదు, ఒట్టేసి పిలవలేదు. రేవులో యుకారే ఆమె సంచీని పడవలోకి అందించింది.

నంబరు మీద డబ్బా తొమ్మిది రోజులు కూర్చుంది. పదో రోజు మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుంటే, యుకారి ఫోన్ చేసింది. అవతల ఒక ఆడగొంతు, వెనకాల ఎక్కడో కోడి కూత.

"హెల్పరుగానా? వయసెంతండీ?"

"నలభై ఎనిమిది."

"ఈ పని అలవాటుందా?"

"ఇరవై రెండేళ్ళు చేశాను."

"ఎక్కడెక్కడ?"

"ఒక్క చోటే."

"అమ్మో, ఒక్క చోటే ఇన్నేళ్ళు హెల్పరుగానా! మరి వాళ్ళు వదుల్తారా మిమ్మల్ని?" ఆవిడ నవ్వి, మళ్ళీ అసలు విషయానికొచ్చింది. "సరే, మా దగ్గర రోజుకి ఐదు గంటలు. పడక, మూడు పూటలా భోజనం. వారానికి ఒక రోజు సెలవు. మీకు ఏ రోజు కావాలి?"

యుకారి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "వింటున్నారా?" అంది అవతలి గొంతు. వింటూనే ఉంది. సోమవారం తడిచెత్త బండి వస్తుంది. మంగళవారం సరుకుల పడవ. గురువారం గ్యాసు బండలు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా గదులు నిండుతాయి. ప్రతి రోజుకీ ఒక పని పేరే ఉంది గానీ రోజు పేరు లేదు. నీకు ఏది కావాలి అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగేసరికి చిన్నపిల్లకి మిఠాయి కొట్టు ముందు తోచనట్టు ఏదీ తోచలేదు. ఆవిడకి విసుగొచ్చి ఫోన్ పెట్టేస్తుందేమోనని భయమేసింది. నోటికొచ్చిన రోజు చెప్పేసింది. ఎందుకు అదే చెప్పావంటే ఆమె దగ్గర కారణం లేదు. కారణం లేకుండా ఒకటి కోరుకోవడం ఎంత బావుందో!

మొరిహిదె పెరట్లో పంపు కింద ఈత కళ్ళద్దాలు కడుగుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నేను వెళ్తున్నానండీ. వచ్చే వారం ఓడకి. ఇంకో దీవిలో హెల్పరుగా చేరుతున్నాను."

అతను కళ్ళద్దాలు దులిపి చూశాడు. జోకేమోనని కాసేపు ఎదురుచూశాడు. "నువ్వా? ఎన్నాళ్ళు?"

"అది ఇంకా అనుకోలేదు."

"ఇక్కడ వంటెవరు చేస్తారు? అమ్మని ఎవరు చూస్తారు?"

"హెల్పర్ని పెట్టుకోండి. సెలవు రోజు ముందే అడిగి పెట్టుకోండి."

లోపల్నుంచి అత్తగారి దగ్గు వినబడింది. ఆవిడ నిద్రపోవడం లేదు. మొరిహిదె పంపు కట్టేసి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. దారి తప్పిన మనిషి అయోమయం ఉంది. అది చూస్తే ఆమెకి జాలేసింది. ఆ జాలే ప్రమాదమని ఆమెకి తెలుసు. పాదాలు నేలకి గట్టిగా ఆనించి నిలబడింది.

"జీతమిస్తారా?"

"ఇవ్వరు."

"మరేమిస్తారు?"

"పడకా, భోజనం."

అతను ఊపిరి పీల్చుకుని నవ్వేశాడు. "పిచ్చిదానా! పడకా భోజనం నీకిక్కడ లేవా? ఇక్కడ లేనిది అక్కడేముందే?"

"బుధవారం" అంది యుకారి.