కాజిమిర్ ఎనభై మూడో చావు

చావడంలో కాజిమిర్‌ని మించినవాడు హాలీవుడ్డులో లేడు. మూకీల కాలంలో ఎనభై రెండు సినిమాల్లో చచ్చాడు మహానుభావుడు. మెట్ల మీంచి దొర్లాడు, గుర్రం మీంచి పడ్డాడు, ఒకసారి పెళ్లి కేకులో మొహం పెట్టి మరీ పోయాడు. అప్పుడు మాట ఎవరికి వినపడుతుంది గనక! పెదవులు కదిలితే చాలు. నేలమీద పడగానే ఏవో ఇంటి ముచ్చట్లు గొణుక్కుంటూ హాయిగా ప్రాణం వదిలేవాడు.

ఇప్పుడీ పాడు టాకీలు వచ్చిపడ్డాయి. ఈ దొంగల ముఠా సినిమాలో అతనికి ఉన్నది ఒకే ఒక్క మాట: "నా పగ తీర్చు బాస్!" బల్లమీది పూలకుండీలో మైకు దాచారు. మొదటిసారి కుండీకి వీపు పెట్టి చెప్పాడు. రెండోసారి తుపాకీ పొగకి దగ్గొచ్చింది.

"ఇదే ఆఖరు కాజిమిర్! ఈసారి చెడగొట్టావో, రేపట్నించి గేటు లోపలికి రాకు," అన్నాడు డైరెక్టర్ హ్యాగర్టీ.

తుపాకులు పేలాయి. కాజిమిర్ సరిగ్గా కుండీ పక్కనే కూలాడు. అంతే, ఆ ఒక్క మాటా బుర్రలోంచి ఎగిరిపోయింది. పద్దెనిమిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? పెదవులు వాటంతటవే కదిలాయి.

"బ్రోంకా... చారు పొయ్యి మీంచి దించకే... వచ్చేస్తున్నా..."

కళ్లు మూసుకున్నాక తెలిసింది ఏమన్నాడో. 'చచ్చాన్రా దేవుడా, ఈసారి నిజంగానే!' అనుకున్నాడు.

మైకు గదిలోంచి సౌండు రికార్డు చేసే లెస్టర్ ముక్కు చీదుకుంటూ వచ్చాడు. ఎవర్నీ మెచ్చని మొండిఘటం అతను.

"సార్, మనిషి నిజంగా పోయాడనుకున్నా. దీన్ని మాత్రం కోసెయ్యకండి."

"బ్రోంకా ఎవరయ్యా?" అన్నాడు హ్యాగర్టీ.

"మా ఆవిడండీ. ఇవాళ క్యాబేజీ చారు."

హ్యాగర్టీ పగలబడి నవ్వాడు. "వచ్చే సినిమాలో నీకు ఐదు మాటలు. అవేవో నువ్వే తెచ్చుకో!"

సినిమా విడుదలైన రోజు ఆ చావుకి హాలంతా ముక్కులు ఎగబీల్చింది. బ్రోంకా ఒక్కర్తే లేచి నిలబడింది.

"వట్టి అబద్ధం! ఆవేళ చారు అడుగంటినా రాలేదీ మనిషి!"

హాలు గొల్లుమంది. కాజిమిర్ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఎనభై మూడుసార్లూ నిన్నే పిలిచానే," అన్నాడు మెల్లగా.

బ్రోంకా కళ్లు తుడుచుకుంది.

"మరి ఇన్నాళ్లూ నాకు వినపడలేదేమయ్యా?" అని అతని భుజమ్మీద ఒక్కటి వేసి, అక్కడే తల ఆనించింది.