సర్వేయరు గారి మెడ

నేను పళ్ళు చేస్తాను. నవ్వకండి, నిజంగానే. పళ్ళ డాక్టరు గది వెనకాల ఇంకో చిన్న గది ఉంటుంది. అందులో కూర్చుని కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేయడం నా ఉద్యోగం. డాక్టరు మనుషుల్ని చూస్తాడు, నేను వాళ్ళ నోటి అచ్చుల్ని చూస్తాను. ప్లాస్టరు అచ్చు ముందు పెట్టుకుని, దాని మీద మైనం పట్టించి, ఒక్కో పన్నూ నిలబెట్టి, వంకర చూసి, పీకి, మళ్ళీ నిలబెట్టి... ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా చేతి పళ్ళతో ఈ ఊళ్ళో ఎంతమంది నవ్వుతున్నారో గానీ, వాళ్ళలో ఒక్కరి మొహమూ నేనెరగను. వారమంతా మొహాల్లేని నోళ్ళతో వేగుతాను కాబట్టే, ఆదివారం తెల్లారితే చాలు, కెమెరా మెడలో వేసుకుని రోడ్డెక్కుతాను.

ఇంట్లో నేనూ మా అక్కా ఉంటాం. అక్క ఒక స్కూల్లో గుమాస్తా. తనకి పెళ్ళయి విడిపోయింది, నాకు అసలు కాలేదు. అందుకని మగవాళ్ళ గురించి మాట్లాడే హక్కంతా తనదేనని తన నమ్మకం. నాకు కోపం ముక్కు మీదుంటే, తనకి నాలుక మీదుంటుంది. అయినా ఇద్దరం ఒకే కప్పు కింద పదకొండేళ్ళు నెట్టుకొచ్చాం.

ఫోటోలు తీసే మా గుంపులో నలుగురం. సర్వేయరు గారు, ఒక టైలరు, ఆసుపత్రి సిస్టరు, నేను. ఫోటోలతో మాలో ఎవరి కడుపూ నిండదు, ఊరికే పిచ్చి. పిచ్చి కాకపోతే, సెలవు రోజున ఎవరైనా అలారం పెట్టుకుని లేస్తారా? గూడ్సు షెడ్డు దగ్గర తుప్పు పట్టిన పెట్టెల్ని గంటసేపు చూస్తూ నిలబడతారా? ఒకసారి ఇటుకల బట్టీ దగ్గర నిచ్చెన నీడ గోడ మీదికి పాకేదాకా మేం నలుగురం గట్టున కూర్చున్నాం. అది పాకే లోపల మబ్బు పట్టేసింది. "పళ్ళక్కా, నువ్వు పళ్ళు కొరికావు చూడు, అందుకే ఎండ జడుసుకుంది" అన్నాడు టైలరు. వాడికి నేను పళ్ళక్కని. అలా పిలవొద్దని మొదట్లో నాలుగైదు సార్లు అరిచాను, తర్వాత నాకే అలవాటైపోయింది.

ఎక్కడికి వెళ్ళినా సర్వేయరు గారే ముందు నడిచేవారు. భూములు కొలిచే మనిషి కదా, ఏ సందు ఎక్కడ తేలుతుందో, ఏ గట్టు మీద ఎండ ఎటు నుంచి పడుతుందో ఆయనకే తెలుసు. అడుగులు లెక్కపెట్టినట్టు నడుస్తారు, వెనక్కి తిరిగి చూడరు. మేం ముగ్గురం ఆయన వెనకాల. మూడేళ్ళు అలా నడిచామంటే చూసుకోండి, ఆయన మొహం కన్నా ఆయన మెడే మాకు బాగా తెలుసు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఇవి కూడా సిస్టరు కూపీ లాగితే తెలిసిన సంగతులే గానీ, ఆయనంతట ఆయన చెప్పినవి కావు.

మా గుంపుకి ఆయన పెట్టిన నియమాలు రెండున్నాయి. ఒకరి ఫోటో ఒకరు తీసుకోకూడదు. మొదటి ఏడు టైలరు పావురాలకి గింజలు వేస్తున్నట్టు ఒకటి, స్తంభానికి ఆనుకుని ఒకటి అంటూ మా చేత తన ఫోటోలు తీయించుకుని ప్రాణం తీశాడు. "ఇది పెళ్ళి ఆల్బమ్ కాదండీ" అని ఆయన ఆ ముచ్చట కట్టిపెట్టారు. రెండోది, నెల చివరి ఆదివారం సాయంత్రం బేకరీ వెనక గదిలో కూర్చునేటప్పుడు. తలా ఒక ప్రింటు తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టాలి. ఆయన వాటిని కలిపి ఒక్కొక్కటే తిప్పుతారు. ఎవరు తీశారో చెప్పకూడదు. తీసినవాళ్ళు కూడా, అది తమది కానట్టే, మిగతావాళ్ళతో పాటు మంచీ చెడ్డా మాట్లాడాలి. "ముందు ఫోటోని చూడండి, తర్వాత మనిషిని చూద్దురు గాని" అనేవారు. నా ఫోటోని నేనే తిట్టుకోవడంలో నేను ఆరితేరాను.

మొదటి నియమాన్ని నేను రెండేళ్ళ కిందటే తప్పాను. రిజర్వాయరుకి వెళ్ళే పొద్దుటి బస్సులో నేను ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ వచ్చి ఆయన మెడ మీద పడింది. చెవి అంచు ఎర్రగా వెలుగుతోంది. చొక్కా కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. ఇంట్లో అద్దం ముందు ఎవరూ వెనక నుంచి చూసి సరిచేసేవాళ్ళు లేని మనిషి కాలరు అలాగే ఉంటుంది. దాన్ని బయటికి తీసి సర్దాలని నా వేళ్ళు లాగేశాయి. ఎంతగా అంటే, చెయ్యి సీటు మీదికి వెళ్ళిపోయింది కూడా. అక్కడి నుంచి ముందుకి పోలేక వెనక్కి వచ్చి కెమెరా పట్టుకుంది. ఒక్కటే తీశాను. ఆ రోజు రిజర్వాయరు దగ్గర ఏం తీశానో నాకేమీ గుర్తు లేదు.

ఇంటికొచ్చి దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తుంటే అక్క వెనక నిలబడింది.

"ఎవరిదే ఈ మెడ?"

"ఎవరిదో. బస్సులో."

"ఎవరిదో మెడని అరిగిపోయేలా అలా చూస్తారా?" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఆదివారం వచ్చినా "మెడగారు కులాసానా?" అని అడిగేది. నేను కస్సుమనేదాన్ని. కానీ ఆ పేరు విన్నప్పుడల్లా లోపల ఏదో హాయిగా ఉండేది, ఎందుకు దాచుకోవాలి?

చెప్పొచ్చు కదా అంటారేమో. ఎలా చెప్పాలండీ? నలభై ఏడేళ్ళ మనిషిని. డాక్టరుతో గొడవపడమంటే పడతాను, బస్సులో సీటు కోసం దెబ్బలాడమంటే ఆడతాను. ఆయన దగ్గరికొచ్చేసరికి నా నోరు ఏమైపోతుందో తెలియదు. "ఎండ బాగుందండీ" అంటాను. "బాగుందండీ" అంటారాయన. మూడేళ్ళలో మేమిద్దరం ఎండ గురించి మాట్లాడినన్ని మాటలు ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన అటు తిరగ్గానే మిగతా మాటలన్నీ నోటి చివరికి వచ్చి నిలబడేవి.

కిందటి నెలలో కాలవ గట్టున నడుస్తుండగా ఆయన ఆగారు. వెనక్కి తిరిగారు కూడా, ఎప్పుడూ తిరగని మనిషి.

"నాకు బదిలీ అయిందండీ. ఈ నెలాఖరు ఆదివారం కూర్చున్నాక, ఆ బుధవారం వెళ్ళిపోతాను."

"ఎక్కడికండీ?" అంది సిస్టరు.

ఆయన చెప్పిన ఊరికి రైల్లో పద్నాలుగు గంటలు. టైలరు "అన్యాయం సార్" అన్నాడు, సిస్టరు "అయ్యో" అంది. నేనేమన్నానో తెలుసా? "మంచిదండీ" అన్నాను. మంచిదట! పైకి కిందికి సెట్టు బిగించి మూసేయాల్సిన నోరు నాదే.

ఆ వారమంతా నా చేతిలో పనులన్నీ తగలడ్డాయి. ఒకాయన పై సెట్టులో ముందు పళ్ళు రెండూ అటుదిటు, ఇటుదటు పెట్టేశాను. డాక్టరు అది తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా నా మొహం చూసి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అక్క వేళాకోళం చేస్తుందనుకున్నాను, చేయలేదు.

"ఆ ఫోటో ఉందా, చెరిపేశావా?" అంది.

"ఉంది."

"ప్రింటు తీయించి బల్ల మీద పెట్టు. నువ్వెలాగూ నోరు తెరవవు, అదన్నా తెరుస్తుందేమో చూద్దాం. ఆయన వెళ్ళిపోయాక ఎవరికి చూపిస్తావే, నా మొహానికా?"

అందుకే ఆ నెలాఖరు ఆదివారం నా సంచిలో ఆ ప్రింటు ఉంది. ఆయన చూస్తారు. తన మెడ తను గుర్తుపడతారు. ఎవరు తీశారని అడుగుతారు. నేనండీ అంటాను. ఒక్క మాటే కదా, అనగలను. బేకరీ దాకా దారి పొడుగునా ఆ ఒక్క మాటే అనుకుంటూ నడిచాను.

వెనక గదిలో ఎప్పటిలాగే నాలుగు టీలు, ఒక పళ్ళెంలో బిస్కెట్లు. నాలుగు ప్రింట్లు బోర్లా పడ్డాయి. సర్వేయరు గారు కలిపి, పైది తిప్పారు. నా ఖర్మ, మొదటిదే నాది.

టైలరు చూశాడు. ఆ చొక్కా కుట్టింది వాడే, ఆ కాలరు వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? "ఓరి..." అని నోరు తెరిచాడో లేదో, బల్ల కింద సిస్టరు వాడి కాలు తొక్కింది. వాడు మూలిగి టీ గ్లాసులో తల దూర్చాడు. సిస్టరు నా వంక చూసింది. నేను బిస్కెట్ల వంక చూశాను. ఒక్క చూపులో వాళ్ళిద్దరికీ అర్థమైపోయింది.

సర్వేయరు గారికి మాత్రం కాలేదు.

నేను ఆలోచించనిది అదే. మేమంతా మూడేళ్ళుగా చూసిన మెడని ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా చూడలేదు! ప్రింటు నలుపూ తెలుపూలో తీయించాను, చొక్కా రంగు కూడా లేదు. ఆయన కళ్ళజోడు పైకి తోసి, ప్రింటుని దగ్గరగా పట్టుకుని, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశారు.

"వెలుగు భలే పట్టారే. చెవి దగ్గర చూశారా?" అన్నారు. తర్వాత సిస్టరు వైపు తిరిగి నవ్వారు. "ఇది మీరే తీశారు. మీ ఆయన మెడ."

"మా ఆయనకి అంత జుట్టెక్కడిదండీ, మీరు మరీను" అంది సిస్టరు. మామూలుగా అయితే టైలరు దీన్ని పట్టుకుని అరగంట లాగేవాడు. ఇప్పుడు కిక్కురుమనలేదు.

ఆయన ప్రింటు కింద పెట్టలేదు. "ఎవరైతేనేం లెండి. ఇది తీసినవాళ్ళు ఆ మనిషిని ఊరికే చూడలేదు. చాలా కాలంగా చూస్తున్నారు. ఆ కాలరు చూడండి, మడతపడి ఉంది. ఇంకొకరైతే సరిచేసుకోమని చెప్పి తీసేవాళ్ళు. వీళ్ళు ముట్టుకోలేదు. అదృష్టవంతుడు. ఇలా చూసే మనిషి ఉండాలి గానీ..."

అక్కడ ఆపి, వంతు ప్రకారం నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. మీరు తిట్టంది ఏదీ లేదుగా."

నియమం ప్రకారం నేను ఏదో ఒక వంక పెట్టాలి. ఫోకస్ కొంచెం తప్పింది అనడానికి నాలుక రెడీగానే ఉంది. ఈ మాట కూడా మింగితే ఇంక జన్మలో అననని నాకు తెలుసు.

"అది మీ మెడేనండీ" అన్నాను. "తీసింది నేను."

ఆయన ఫోటో వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ ఫోటో. టైలరు లేచి "బిస్కెట్లు అయిపోయినట్టున్నాయి, తెస్తా" అన్నాడు. పళ్ళెం నిండా బిస్కెట్లున్నాయి. సిస్టరు కూడా వాడి వెనకాలే వెళ్ళింది.

"ఎప్పుడు తీశారండీ?"

"రెండేళ్ళయింది. రిజర్వాయరుకి వెళ్ళిన రోజు, బస్సులో."

"రెండేళ్ళా?" అన్నారు. "మరి మాటైనా అనలేదేమండీ?"

"మీరు వెనక్కి తిరగలేదుగా" అన్నాను. కోపంగా అన్నాను. ఆ కోపం ఆయన మీద కాదు.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ బదిలీ వాళ్ళు వేసింది కాదండీ. నేనే అడిగి వేయించుకున్నాను. పోయిన వేసవిలో దరఖాస్తు పెట్టాను. ఏ ఊరైతేనేం, ఇక్కడ మాత్రం నన్ను ఉండమనే వాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను."

పోయిన వేసవి. అప్పటికే ఈ ఫోటో ఏడాదిగా నా కంప్యూటర్లో ఉంది. అక్క చూసింది, అర్ధరాత్రులు నేను చూసుకున్నాను, ఆయనకి ఒక్కరికే చూపించలేదు. నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది.

"వద్దని రాస్తే ఒప్పుకోరాండీ?"

"నా స్థానంలో మనిషి శుక్రవారమే చేరాడండీ. మ్యాపులూ తాళాలూ అన్నీ అప్పగించేశాను. అక్కడ వచ్చే వారం సోమవారం నుంచి నా పేరు మీద పని మొదలవుతుంది." లేచి నిలబడ్డారు. ప్రింటుని చొక్కా జేబులో పెట్టుకోబోయారు. జేబులో పట్టలేదు. చేత్తోనే పట్టుకున్నారు. "సామాను సర్దుకోవాలి. వస్తానండీ."

"ఉండండి" అన్నాను.

ఆయన కూర్చున్నారు. బేకరీ వాళ్ళు కుర్చీలు ఎత్తి బల్లల మీద పెట్టేదాకా కూర్చున్నారు. బుధవారం పొద్దున వెళ్ళిపోయారు.