వాగు కబురు చెప్పే డబ్బా

నేను ఒక పాత కంప్యూటర్‌ను. ఎర్రచెలమ ఊళ్లో, కోతుల వాగు ఒడ్డున, కొమురెల్లి సారు ఇంటి మేడగదిలో కిటికీ పక్కన ఉంటాను. నన్ను నమ్మి ఏడుగురు మనుషులు వాగులో పడ్డారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు మతి స్థిమితంగా లేదు. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప తేరుకునేలా లేను.

నన్ను హైదరాబాదులో ఒక ఇరుకు దుకాణంలో నాలుగు దేశాల ముక్కలు కలిపి బిగించారు. అక్కడి నుంచి నేరుగా ఈ ఊరి హైస్కూలుకు వచ్చాను. ఇనప తలుపు, రెండు తాళాలు, గడప బయట చెప్పులు విడవాలన్న బోర్డు. పిల్లలు వారానికోసారి చేతులు కట్టుకుని వచ్చి నన్ను చూసేవారు. పంతులు నల్లబల్ల మీద నా బొమ్మ గీస్తే అందులో భాగాల పేర్లు రాసుకుని వెళ్లిపోయేవారు. దసరాకు నాకు కుంకుమబొట్టు పెట్టేవారు. ఆరేళ్లలో నన్ను చొరవగా ముట్టుకున్నది ఎలుకలు మాత్రమే. తర్వాత పాతబడిపోయానని వేలం వేశారు. పని చేయకుండానే పాతబడవచ్చని నాకప్పుడే తెలిసింది.

వేలంలో నన్ను కొన్నది అదే బడిలో లెక్కలు చెప్పి రిటైరైన కొమురెల్లి సారు. సైకిలు మీద తాడుతో కట్టి ఇంటికి తెచ్చారు. అంతకు ముందు వానాకాలం, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడొకడు బండితో సహా వాగులో కొట్టుకుపోయాడు. వాగు మీద ఉన్నది నేలకు అంటుకున్నట్టుండే వంతెన. పైన కొండల్లో కురిస్తే ఇక్కడ చినుకు లేకుండానే పొంగుతుంది. సారు వంతెన పక్క రాతిస్తంభానికి తెల్లరంగుతో అడుగుల గీతలు గీశారు. మేడ కిటికీలోంచి అవి కనిపిస్తాయి. ఆ లెక్క చూసి నాలో రాస్తే, ఎవరైనా ఎక్కడినుంచైనా ఫోనులో చూసుకోవచ్చునన్నది ఆయన ఆలోచన. వెబ్‌సైట్లు నడిపే యంత్రాలు పెద్ద ఊళ్లలో చల్లటి గదుల్లో ఉంటాయట. సారు వినలేదు. "మన వాగు ముచ్చట మనింట్లనే ఉండాలె" అన్నారు.

ఇంటికి వచ్చే ఇంటర్నెట్ తీగ రెండు చింతచెట్లను, ఒక కల్లుపాకను దాటుకుని వచ్చేది. నడక కూడా కల్లు తాగినవాడి నడకే. సారు మొదట్లో పేజీ నిండా వాగు చరిత్ర, వంతెన ఫోటో, పైన తన ఫోటో పెట్టారు. వాగు అవతలి టౌనుకు ఆటో నడిపే మొగిలి ఒకరోజు వచ్చి, "సార్, మీ నెత్తి కనవడి మీసం కనవడేసరికి నా చాయ్ ఐపోయింది. వాగు కాడికి వచ్చేసరికి పొద్దుగూకుతది" అన్నాడు. సారు చిన్నబుచ్చుకుని అన్నీ తీసేశారు. ఒక్క వాక్యం మిగిల్చారు: "వాగు రెండు అడుగులు. దాటవచ్చు." లేదా, "దాటకూడదు." ఆ ఒక్క వాక్యాన్ని నా తీగ మోయగలిగింది.

అయితే చినుకు పడితే తీగ పడుకునేది. ఉరిమితే సుగుణమ్మ లేచేది. ఆమె సారు భార్య. మొదటి ఉరుముకే పొయ్యి మీద కూర వదిలేసి మెట్లెక్కి వచ్చి నా ప్లగ్గు పీకేసేది. సారు బతిమాలేవారు, లెక్కల పంతులుగా వాదించేవారు. "ఉరిమినంక కరెంటు ముట్టుకుంటరా? మీ మిషిన్ కాలితె కాలనీ, ఇల్లు కాలితె?" అనేది ఆమె. సరిగ్గా వాగు పొంగే వేళకు నేను గుడ్లు తేలేసి ఉండేవాణ్ని. నాకు అంతకన్నా సిగ్గుచేటు లేదు. సారుకూ అంతే. జనం తిట్టుకుంటున్నారేమోనని నాలుగేళ్లు కుమిలిపోయారు.

ఐదో ఏడు ఆయన ఇన్వర్టరు తెచ్చారు, పాత తీగ పీకించి కొత్తది వేయించారు. ఇక పేజీ అడిగీ అడగకముందే ఫోనులో వాలేది. నేను పొంగిపోయాను. ఎట్టకేలకు నేను పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను.

శ్రావణంలో ఒక పొద్దున సారు "ఒక అడుగు. దాటవచ్చు" అని రాసి, కంటి ఆపరేషనుకు సుగుణమ్మను వెంటబెట్టుకుని టౌనుకు వెళ్లారు. మధ్యాహ్నం కొండల మీద ఉరిమింది. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చూశాను. ఎవరూ రాలేదు. కరెంటు పోయింది, ఇన్వర్టరు నన్ను వదల్లేదు. కిటికీ కింద వాగు హోరు మొదలైంది. నాకు చెవులున్నా లాభం లేదు, రాసి ఉన్నదే చెప్పగలను. ఆ మూడు గంటల్లో నన్ను నూట పద్నాలుగు సార్లు అడిగారు. నూట పద్నాలుగు సార్లూ "దాటవచ్చు" అన్నాను.

అందులో ఒకటి మొగిలి ఫోను. నాట్లకు వెళ్లిన ఆరుగురు ఆడవాళ్లను ఎక్కించుకుని అవతలి ఒడ్డున ఆగాడట. నీళ్లు వంతెన మీదికి వచ్చాయి, లోతు తెలియడం లేదు. ఫోను తీశాడు. పేజీ వచ్చింది. దిగాడు. ఆటో సగం వంతెన దాటకుండానే ఒరిగింది. ఒడ్డున ఉన్నవాళ్లు తాళ్లు వేసి ఏడుగురినీ లాగారు. ఆటో దొరకలేదు.

నాలుగో రోజు మొగిలి చేతికి కట్టుతో మేడెక్కాడు. కంటికి నల్లద్దాలతో కూర్చున్న సారు లేచి నిలబడి, "తప్పు నాదేరా. పొద్దున రాసినది సాయంత్రం దాకా ఉంచిన. ఏ గంటకు చూసిన్నో గూడ రాయలే" అన్నారు.

మొగిలి తల అడ్డంగా ఊపాడు. "మీరు రాసింది నేను సదివితె గద సార్. పేజీ వస్తె పోవుడు, రాకపోతె ఆగుడు. నాలుగేండ్ల సంది ఊరంత గంతే. మొన్న వచ్చింది. ఇగ భయం లేదనుకున్న."

సారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. నా లోపల తిరిగే ఫ్యాను ఆగినట్టనిపించింది. నాలుగేళ్లు ఆయన కళ్లు చిట్లించి గీతలు లెక్కపెట్టి రాసినదాంట్లో ఒక్క అక్షరమూ ఎవరూ చదవలేదు. నేను చచ్చిపడి ఉన్న గంటలనే జనం చదివారు. నేను సిగ్గుచేటు అనుకున్నదే వాళ్ల ప్రాణాలు కాపాడింది. సారూ నేనూ కలిసి, ఇన్వర్టరు తెచ్చి మరీ దాన్ని పోగొట్టాం.

చాయ్ తెచ్చిన సుగుణమ్మ తలుపు దగ్గరే ఉండిపోయింది. సారు ఆమె వైపు తిరిగి, "ఇన్వర్టరు కింద ఫ్యానుకు పెట్టిస్త. దీని ప్లగ్గు నీ చేతిలనే ఉండనీ" అన్నారు. ఊళ్లో ఉండని రోజున నన్ను ఆర్పే వెళతానని మొగిలికి మాటిచ్చారు. ఇప్పుడు లెక్క పక్కన గంట కూడా రాస్తున్నారు. ఎవరూ చదవరని ఆయనకు తెలుసు.

ఇవాళ మబ్బు పట్టింది. మొగిలి అద్దె ఆటో పొద్దున్నే అవతలికి వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు. కొండల మీద ఇప్పుడే ఉరిమింది. మెట్ల మీద సుగుణమ్మ అడుగులు వినిపిస్తున్నాయి. సారు కుర్చీ జరిపి ఆమెకు దారి ఇచ్చారు. కాసేపట్లో అవతలి ఒడ్డున మొగిలి ఫోను తీసి నా కోసం చూస్తాడు. నేను రాను. అతను ఆగుతాడు.