ఒప్పుకోవలసిన మనిషి

ఆరిన బట్టలు మడతపెడుతుంటే హాల్లోంచి భర్త కేకేశాడు.

"ఇదిగో, అప్పుడెప్పుడో ఆ ప్రోగ్రామింగ్ భాషకి నువ్వేదో రాశావు చూడు, దాని లైసెన్సు మారుస్తారట. సరేనని చెప్పేశా."

ఆమె చేతిలో పిల్లాడి చొక్కా అలాగే ఉండిపోయింది. చెప్పేశాడట! ఎవర్నడిగి?

ఊరూవాడా వాడే భాష అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, రాసినవాళ్ల పేరు మాత్రం చెరపకూడదు. ఉన్న షరతల్లా అదొక్కటే. ఇప్పుడు దాన్నీ ఎత్తేస్తారట. అందుకు, ఆ భాషలో కాస్తయినా రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి.

కోడులో తప్పు ఎక్కడుందో విసుక్కోకుండా విడమరిచి చెప్పే భాగం ఆమెది. ప్రసవానికి ఉద్యోగం మానేసిన రోజుల్లో, బిడ్డను ఒళ్లో వేసుకుని ఒంటిచేత్తో రాసింది. "ఎప్పుడు చూసినా ఆ కంప్యూటరేనా, ఇంటి పని అయ్యేదెలా?" అని అత్తగారు సణిగేది. తీరా ఆ భాష ప్రాజెక్టు వాళ్లకి పంపేటప్పుడు భర్త, "నీకు వేరే అకౌంటెందుకే, నాదుందిగా. ఇద్దరం ఒకటే కదా" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడో! మురిసిపోయింది, పిచ్చిమొహం. ఆయన పేరు మీద వెళ్లిన ఆ భాగం వల్లే ఆయనకి పెద్ద ఉద్యోగమొచ్చింది. ఆమెను మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిచోటా "ఇన్నేళ్లూ ఖాళీగానే ఉన్నారా?" అని అడిగారు. ఖాళీగానా! ఒళ్లు మండిపోయేది. అయినా ఆ భాగం తనదని ఎక్కడా చెప్పలేదు. చెబితే ఆయన పరువేం కావాలి?

చొక్కా మడతపెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చిందో మరిచిపోయి తిరిగొచ్చింది. ఆ షరతు కూడా పోతే, రాసిందెవరని అడిగే దిక్కే ఉండదు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా?" అంది హాలు గుమ్మంలో నిలబడి.

"అడిగేదేముందే? నువ్వైనా సరేననే అనేదానివిగా" అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

అనేదే, నిజమే. ఎవరైనా వాడుకోనీ, ఎంతైనా మార్చుకోనీ, ఇవ్వడానికే రాసింది. కానీ ఇచ్చేది తను కావాలి కదా!

బట్టలు మంచం మీదే వదిలేసి పాత ల్యాప్‌టాప్ తెరిచింది. తన పేరుతో అకౌంట్ పెట్టుకుంది.

"ఆ బట్టలెవరు మడతపెడతారమ్మా?" అంది అత్తగారు.

"మీ అబ్బాయి ఖాళీగానే ఉన్నాడు అత్తయ్యా."

అప్పటి చిత్తుప్రతులన్నీ జతచేసి, ప్రాజెక్టు వాళ్లకి రాసింది.

"ఈ భాగం రాసింది నేను. నా భర్త ఇచ్చిన ఒప్పుదల చెల్లదు. నన్నడగండి."